బావమరిది పేరు మీద ఎకరం

దస్తావేజులు రాసే వాడికి ఏడాదికి రెండు పంటలు. ఒకటి పెళ్ళిళ్ళ ముందు, ఆడపిల్ల కట్నం కోసం తండ్రి భూమి అమ్మేటప్పుడు. రెండోది నవంబర్ నుంచి సంక్రాంతి దాకా, అమెరికా నుంచి పిల్లలు దిగేటప్పుడు. ధరణి వచ్చాక, అంటే 2020 అక్టోబర్ 29 తర్వాత, సాగు భూముల రిజిస్ట్రేషన్ తహశీల్దారు ఆఫీసుకు పోయి మొదటి పంట సగం ఎండిపోయింది. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చినా అది తిరిగి చిగురించలేదు. రెండో పంట మాత్రం ఇప్పటికీ పచ్చగానే ఉంది. దానికి నీళ్ళు కాగ్నా వాగు నుంచి రావు, మీ తెలియనితనం నుంచి వస్తాయి.

తాండూరులో ముప్పై ఏళ్ళు, మధ్యమధ్యలో వికారాబాదులో, కాగితాలు రాస్తూ కూడబెట్టిన సలహాలు ఇక్కడ ఇస్తున్నాను. అమెరికా, ఆస్ట్రేలియా, జర్మనీ పౌరసత్వం తీసుకుని మళ్ళీ మన వైపు చూస్తున్న వాళ్ళ కోసం ఇవి. పాటించండి. మీకు నష్టమైతే కావచ్చుగానీ నా మనవడి స్కూలు ఫీజు గట్టెక్కుతుంది.

అన్నిటికంటే ముందు, "మా ఊరే కదా" అనుకోవడం అలవాటు చేసుకోండి. బడి ఇక్కడే, మొదటి సినిమా ఇక్కడే, భద్రేశ్వరుడి జాతరలో తప్పిపోయి ఏడ్చిందీ ఇక్కడే. అలాంటప్పుడు మీరు పరాయి వాళ్ళెట్లా అవుతారు? అమెరికా పాస్‌పోర్టు కూడా మన పాస్‌పోర్టులాగే ముదురు నీలం. దూరం నుంచి చూస్తే ఒకటే. పాతది సరెండర్ చేయమంటారు, చేయకండి, బీరువాలో ఉంటే ధైర్యంగా ఉంటుంది. పరాయి దేశపు పౌరసత్వం ఇష్టపడి తీసుకున్న రోజే ఇక్కడి పౌరసత్వం దానంతటదే పోతుందని 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. ఆ తర్వాత పాత పాస్‌పోర్టు వాడితే అదో నేరం. అయినా చట్టం మిమ్మల్ని జాతరలో చూడలేదుగా.

ఆ మాటకొస్తే ఎవరు మనవాళ్ళు, ఎవరు కారు అనేది మా తాండూరుకు కొత్త తగాదా కాదు. 1919లో నిజాం ఫర్మానా ఇచ్చి, బయటి నుంచి వచ్చినవాడు సంస్థానంలో కనీసం 15 ఏళ్ళు స్థిరంగా ఉంటేనే ముల్కీ అన్నాడు, ఉద్యోగాలు ముల్కీలకే అన్నాడు. అప్పుడు పక్కనున్న సేడం, చించోలి వాళ్ళు, మేమూ ఒకే రాజ్యం. 1956 నవంబర్ 1న తెల్లారేసరికి వాళ్ళు మైసూరు రాష్ట్రం, మేము ఆంధ్రప్రదేశ్. నాపరాయి గనులు ఎక్కడివక్కడే ఉన్నాయి, మా ఇంటి వియ్యంకులు పక్క రాష్ట్రం వాళ్ళైపోయారు. మట్టి కదలకపోయినా కాగితం కదిలితే మనిషి మారిపోతాడని మా తాత చెప్పేవాడు. మీరు ఆ మాట పట్టించుకోవద్దు.

ఓసీఐ కార్డు జేబులో ఉంటే ఇక చెప్పేదేముంది. దాని మీద ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా అని అచ్చయి ఉంది. సిటిజన్ అన్నాక సిటిజనే. 2005లో మొదలైన ఆ కార్డు ఇచ్చేది నిజానికి జీవితకాలపు వీసా. వీసా అడక్కుండా రావచ్చు, ఎంతకాలమైనా ఉండొచ్చు, విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, ఇల్లు కొనొచ్చు. ఓటు లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు. సాగు భూమి, ఫాంహౌస్, తోట కొనే హక్కు లేదు. విలేఖరి పని చేయాలన్నా, మత ప్రచారం చేయాలన్నా, కొండలెక్కాలన్నా ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. అది మామూలు కొండల గురించి కాదు, పర్వతారోహణ గురించి. అనంతగిరి ఎక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆటో వస్తుంది.

గ్రీన్‌కార్డు వాళ్ళు, హెచ్-1 వాళ్ళు ఇక్కడ నవ్వుకుంటున్నారు, తమ పాస్‌పోర్టు ఇంకా ఇండియాదే కదా అని. నవ్వుకోండి. సాగు భూమి దగ్గర విదేశీ మారక నియమం పాస్‌పోర్టునే కాదు, కాపురం ఎక్కడో కూడా చూస్తుంది. బయట కాపురం ఉన్నంత కాలం భారత పౌరుడైనా సరే, ఎన్నారై సాగు భూమి కొనకూడదు. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తూ మర్పల్లిలో ఎకరం కొన్న తమ్ముళ్ళు నాకు తెలిసి చాలామందే ఉన్నారు. ఒక్కరికీ నేను ఈ సంగతి చెప్పలేదు.

ఇక భూమి చూడ్డానికి ఆదివారమే పోవాలి. హైదరాబాదు నుంచి చేవెళ్ళ మర్రిచెట్ల నీడలో వస్తారు కాబట్టి మనసు మెత్తబడి ఉంటుంది. వికారాబాదు దాటి కొంత దూరం పోగానే ఒక ఆర్చి. అటొకటి ఇటొకటి ఏనుగు బొమ్మలు, ఒకదాని తొండం విరిగి ఇనుప చువ్వ బయటికొచ్చి ఉంది. లోపల ఎర్రమట్టి దారి, కడీలకు బ్లేడు తీగ, ప్లాటుకు నాలుగు శ్రీగంధం మొక్కలు, రెండు మామిడి మొక్కలు. మొక్క కంటే దానికి కట్టిన కర్ర లావు. షామియానా కింద ప్లాస్టిక్ గ్లాసుల్లో మజ్జిగ. ఏజెంటు కారు బానెట్ మీద మ్యాపు పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు తాండూరు బండ ముక్కలు పెట్టి, మీ గుంటలు ఎక్కడున్నాయో వేలుతో చూపిస్తాడు. ఈ మధ్య ఓ సారు ఆస్టిన్ నుంచి వచ్చాడు, నేనూ వెంట పోయాను.

"నాలా అయిందా?"

"అయిపోతది సార్."

"మరి ఫాంహౌస్ కట్టుకోనిస్తరా?"

"అయిపోతది సార్."

"మాది ఓసీఐ. మాకు కుదురుతదా?"

"మీకెందుకు సార్ ఫికరు, అన్నీ అయిపోతయ్."

తెలుగు వ్యాకరణంలో మూడు కాలాలున్నాయి. రియలెస్టేట్‌లో నాలుగోది ఉంది, దాన్ని అయిపోతది కాలం అంటారు. నాలా అంటే సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం, దానికి 2006 నాటి చట్టం ఉంది. అలా మారి, అనుమతి వచ్చిన లేఅవుట్‌లో ప్లాటైతే ఓసీఐ వాళ్ళు కూడా కొనొచ్చు. మారకముందు అది రికార్డులో సాగు భూమే. గేటు పెట్టినా, స్విమ్మింగ్ పూల్ తవ్వినా పాస్‌బుక్‌లో అది ఖుష్కి, అంటే మెట్ట భూమి, అని ఉంటే ఖుష్కే. కాబట్టి మ్యాపు చూడండి, మజ్జిగ తాగండి, సర్వే నంబరు మాత్రం అడగకండి. అడిగితే ఏజెంటు బాధపడతాడు.

ఇంకా చవగ్గా కావాలంటే లావణి పట్టా భూమి ఉంటుంది. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి అది. 1977 నాటి చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికీ లేదు, కొనడానికీ లేదు, అమెరికా వాడికైనా అంతారం వాడికైనా. సగం ధరకే వస్తుంది. ఎందుకు సగం ధరో ఆలోచించడం పెద్దమనిషి లక్షణం కాదు.

ఇంత విన్నాక కూడా చట్టం భయం పోని వాళ్ళకు నా దగ్గర రాజమార్గం ఉంది. బావమరిది పేరు మీద కొనడం. డబ్బు మీది, పేరు ఆయనది, మామిడి కాయలు ఇద్దరివీ. నా లెక్కలో తాండూరు, వికారాబాదు చుట్టుపక్కల మామిడి తోటలకు బావమరుదులంత కాపలాదారులు ఎవరూ లేరు. బేనామీ చట్టం కొన్ని మినహాయింపులిచ్చింది. సరైన లెక్కలున్న సొంత డబ్బుతో భార్య పేరు మీద, పిల్లల పేరు మీద కొంటే అది బేనామీ కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రులైతే దస్తావేజులో వాళ్ళతో పాటు మీ పేరు కూడా ఉండాలి. ఈ జాబితాను నేను కళ్ళద్దాలు తుడుచుకుని మరీ రెండుసార్లు చదివాను, బావమరిది అనే మాట కనపడలేదు. 2016 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం బేనామీ లావాదేవీకి ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం, భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా, పైగా భూమి ప్రభుత్వపరం. శిక్ష మీకూ ఉంటుంది, బావమరిదికీ ఉంటుంది. పండగలకు ఎట్లాగూ కలవడం కుదరడం లేదంటున్నారు కదా.

భార్య పేరు మీద కొంటానంటారా? ఆవిడది కూడా అమెరికా పాస్‌పోర్టే అయితే మళ్ళీ మొదటికొస్తాం. ఫెమా, అంటే 1999 నాటి విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం. దాని 13వ సెక్షన్ కింద ఉల్లంఘించిన మొత్తానికి మూడింతల దాకా జరిమానా వేయొచ్చు. 80 లక్షలు పెట్టిన ఎకరానికి 2 కోట్ల 40 లక్షల దాకా. ఈ లెక్క నేను ఎవరికీ కాగితం మీద వేసి చూపించను, మజ్జిగ అరగదు.

"తహశీల్దారు ఎదురుగానే రిజిస్ట్రేషన్ అయింది, పాస్‌బుక్ కూడా వచ్చింది, ఇంకేంటి" అని మీసం తిప్పే వాళ్ళంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. ఆ కౌంటర్లో కంప్యూటర్ ఆధార్ అడుగుతుంది, వేలిముద్ర అడుగుతుంది. ఆరు నెలలకు పైగా ఇక్కడున్న ఓసీఐ వాళ్ళకు కూడా ఆధార్ వస్తుంది. ఆధార్ గుర్తింపుకు రుజువు, పౌరసత్వానికి కాదు అని ఆ కాగితం మీదే అచ్చయి ఉంటుంది, చిన్న అక్షరాల్లో. చిన్న అక్షరాలు చదివితే కళ్ళు పోతాయి.

ఇప్పుడు అన్నిటికంటే నాకు ఇష్టమైన సలహా. అమ్మ బతికుండగానే భూమి గిఫ్ట్ డీడ్ రాయించుకోండి.

పోయిన ఏడాది బషీరాబాదు వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. డెబ్బై దాటాయి. నాలుగెకరాల పన్నెండు గుంటల చేను, ఏటా కందులే వేస్తారు. తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో జీఐ గుర్తింపు వచ్చిందని మేము గొప్పలు చెప్పుకునేది ఆ నల్లరేగడి గురించే. కొడుకు వెంట ఉన్నాడు, పదేళ్ళ కింద అమెరికా పౌరుడైనవాడు. ఫోన్‌లో టికెట్ చూపిస్తూ, "వచ్చే బుధవారం నా ఫ్లైటు. మళ్ళీ ఎప్పుడొస్తనో తెలవదు. అమ్మ గిఫ్ట్ జేస్తనంటుంది, రాయండి" అన్నాడు. పెద్దమ్మ కొంగు ముడి విప్పి పాత పాస్‌బుక్ బల్ల మీద పెట్టింది. అట్ట చెమటకు మెత్తబడి ఉంది. మధ్యలో ఎప్పటిదో ఒక కంది ఆకు, ఎండి గోధుమ రంగుకు తిరిగింది.

ఆ రోజు నాకేం బుద్ధి పుట్టిందో, నిజం చెప్పేశాను. ఓసీఐ వాళ్ళు దగ్గరి బంధువుల నుంచి ఇల్లు, ప్లాటు గిఫ్ట్‌గా తీసుకోవచ్చు, సాగు భూమి మాత్రం తీసుకోకూడదు. వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. వీలునామా ద్వారా వచ్చినా సరే, చట్టప్రకారం వారసుడిగా వచ్చినా సరే.

పెద్దమ్మ నన్ను చూసింది, కొడుకును చూసింది. "గిదేం ఖాయిదా బిడ్డా? నేను బతికుండి ఇస్తే తప్పు, సచ్చి ఇస్తే ఒప్పా?"

ఫెమా నియమాన్ని ఇంత సూటిగా చెప్పిన వకీలును నేనింతవరకు చూడలేదు. అవునన్నాను. ఆమె పాస్‌బుక్ తీసి మళ్ళీ కొంగున ముడేసుకుంది. కొడుకు ఫ్లైటు బుధవారమే ఎక్కాడు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టిస్తే చెల్లుతుంది. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఆ రోజు నా సంపాదన ఒక చాయ్. అది కూడా పెద్దమ్మే ఇప్పించింది. అందుకే అంటున్నాను, మీరు గిఫ్ట్ డీడే రాయించుకోండి.

విరాసత్, అంటే వారసత్వ భూమిని మీ పేరు మీదికి మార్పించుకోవడం, చేయించుకునేటప్పుడు అక్కచెల్లెళ్ళకు చెప్పకండి. వాళ్ళు పెళ్ళిళ్ళై పోయారు, వాళ్ళకేం పని? పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా అని 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. మన దగ్గర అంతకు ఇరవై ఏళ్ళ ముందే, పెళ్ళికాని ఆడపిల్లల వరకు ఆ హక్కు ఇచ్చారు. అయితేనేం, అక్క మంచిది, అడగదు. అడిగినప్పుడు చూసుకుందాం, వికారాబాదులో కోర్టు దగ్గరే ఉంది. వచ్చిన భూమిని అమ్మాలనిపిస్తే న్యూజెర్సీలో ఉన్న స్నేహితుడికి అమ్మండి, మంచి ధర ఇస్తాడు. ఆ భూమి ఇండియాలో ఉంటున్న వాళ్ళకే అమ్మాలని రూలుంది కాబట్టి వాడికి కూడా ఒక బావమరిదిని చూద్దాం.

అమెరికా నుంచే పని కానివ్వాలనుకునే వాళ్ళకు జీపీఏ ఉంది. పవరాఫ్ అటార్నీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, మిగతాది మేం చూసుకుంటాం. సరిగ్గా చేసేవాళ్ళైతే భారత కాన్సులేట్‌లో గానీ అపోస్టిల్ చేయించి గానీ పంపుతారు. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఏ పనికి ఇస్తున్నారో ఆ పని ఒక్కటే అందులో రాస్తారు. మీరు మాత్రం "నా తరఫున సర్వాధికారాలు" అని రాయండి. వినడానికి రాజఠీవిగా ఉంటుంది. జీపీఏ మీద అమ్మేస్తే హక్కు బదిలీ అయినట్టు కాదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. ఆ తీర్పు ఇంకా ఆర్చి దాటి లోపలికి రాలేదు.

భూమి సంగతి అయ్యాక ఊరి రాజకీయం. 2025 డిసెంబర్‌లో సర్పంచ్ ఎన్నికలప్పుడు, ఓటరు లిస్టులో తన పేరు ఇంకా ఉందని మురిసిపోతూ ఓ ఆస్ట్రేలియా పౌరుడు నాకు ఫోన్ చేశాడు. వచ్చి ఓటేయమన్నాను. పౌరుడు కాకుండానే పౌరుణ్ణని ఓటరు నమోదు కోసం రాసిస్తే ఏడాది దాకా జైలు అని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్‌లో ఉంది. పౌరసత్వం ఇండియాదే ఉన్న ఎన్నారైలకైతే ఫారం 6ఏ ఉంది, పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా వచ్చి ఓటేయొచ్చు. అంత కష్టమెందుకు? సర్పంచుగానే నిలబడమని కూడా చెబుదామనుకున్నాను, వేములవాడ గుర్తొచ్చి ఆగాను. అక్కడ చెన్నమనేని రమేష్ నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. ఆయన జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబర్ 9న తెలంగాణ హైకోర్టు తేల్చి, 30 లక్షలు ఖర్చుల కింద కట్టమంది. అందులో 25 లక్షలు ఆయన ప్రత్యర్థికే. ఓడిపోయిన అభ్యర్థికి అంత డబ్బు వచ్చిన ఎన్నిక నాకు తెలిసి మరొకటి లేదు.

అతిథుల గురించి ఒక్క మాట. కొడుకు కాలేజీ దోస్తు, తెల్లపిల్లాడు, టూరిస్ట్ వీసా మీద వస్తాడు. నానమ్మ ఇంట్లో నాలుగు రోజులు ఉంటాడు, సర్వపిండి తింటాడు. విదేశీయుణ్ణి ఇంట్లో ఉంచుకున్న వాళ్ళు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ఆ సమాచారం పంపాలి, హోటలైనా, అనంతగిరి రిసార్టైనా, సొంత ఇల్లైనా. 2025 సెప్టెంబర్ 1 నుంచి పాత విదేశీయుల చట్టాలు పోయి కొత్త ఇమిగ్రేషన్ చట్టం వచ్చింది, ఈ బాధ్యత మాత్రం పోలేదు. నానమ్మకు ఆన్‌లైన్ రాదు. మీరూ చెప్పకండి, ఆమె బీపీ పెరుగుతుంది.

ఇల్లు, ఫ్లాటు, దుకాణం, నాలా అయిన లేఅవుట్‌లో ప్లాటు, వీటిని ఓసీఐ వాళ్ళు బాజాప్తా కొనొచ్చు, ఎన్నైనా కొనొచ్చు. డబ్బు బయటి నుంచి బ్యాంకు ద్వారా గానీ, తమ ఎన్నారై ఖాతాల నుంచి గానీ రావాలి, అంతే. అట్లా కొనే వాళ్ళు నా అంగడి మెట్లెక్కరు. తాండూరు వాళ్ళైతే తాండూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు, వికారాబాదు వాళ్ళైతే వికారాబాదు ఆఫీసుకు నేరుగా పోతారు. మిగతా వాళ్ళ కోసం పది నుంచి ఐదు దాకా ఇక్కడే ఉంటాను. వచ్చేటప్పుడు రెండు ఫొటోలు, ఒక బావమరిదిని తెచ్చుకోండి.